గోడకి ఆ పక్క ఎరుపు

"మామ్మా, ఈ దొడ్డి ఇంత అందంగా ఎలా పెంచావే? మా రాజాం ఇంటి దగ్గర కూడా ఇలాగే చెయ్యాలనుంది. చెప్పు, రికార్డు చేసుకుంటాను."

ఏటి, నాను మాటాడిందల్లా అందులోకి ఎల్లిపోతాదేటి? సరే, దగ్గిరికి ఎట్టు మరి, నా గొంతు సన్నం.

ఒలే అమ్మీ, మొక్కలు కొనీసినావా అప్పుడే? ఓలమ్మ, ముందు మొక్కలు కొనకూడదే. ముందు పీటేసుకుని ఆ జాగాలో కూకోవాల. పొద్దున్న ఎండ ఎక్కడ పడతంది, మజ్జాన్నం ఎక్కడ మాడతంది, సాయంత్రం నీడ ఎటు జరుగుతంది, అది సూసుకోవాల. నాకిది ఎవులూ సెప్పనేదు. ఈ గోడ వల్ల తెలిసింది. నవ్వుతావేటి? నిజివే.

మీ తాతా, ఆయన తమ్ముడు మీ సిన్నతాతా, మా మావ పోయాక పంచుకున్నారు. భూవుల దగ్గర ఏటీ నేదు, సక్కగానే పంచుకున్నారు. అప్పుడు గజపతినగరం సంతకి నడిసే ఎల్లీవోలం, నాను కూరగాయల గంప ఎత్తుకుని... ఏటి సెప్తన్నాను? ఆఁ, దొడ్డి. దొడ్డి దగ్గరొచ్చింది తంటా. జానెడు జాగా అటా ఇటా అని మాటా మాటా అనుకున్నారు. మీ తాత సంగతి తెలుసు కదా, ఒకపాలి మూతి బిగించాడంటే మరంతే. దొడ్డి మజ్జిన గోడ కట్టించీసినాడు. మనిసి మీద మనిసి నిలబడినా... కాదులే, అంత నేదు, సెయ్యెత్తితే అందీది. "ఆ పక్కోలతోటి మాట వద్దు" అన్నాడు.

ఆ పక్కోలంటే ఎవులే? నా తోటికోడలు సూరమ్మ. అది కాపరానికొచ్చిన కాడ్నించీ ఇద్దరం ఒకే పొయ్యి మీద వండినోలం.

గోడ లెగిసాక మన పక్కకి ఎండ రావడం మానీసింది. నాకు ఒక క్రోటను మొక్క ఉండీది. కొత్తవలసలో మా అన్నయ్య రైల్వే కోటర్సు నుంచి కొమ్మ తెచ్చి నాటినాను. ఎరుపూ, పసుపూ, మజ్జిన నారింజా, అచ్చం పట్టుసీర అంచులాగుండీది. అది ఆకాకూ ఉత్త పచ్చగా అయిపోనాది. ఎండుంటేనే దానికా రంగని అప్పుడు తెలిసింది నాకు. సూరమ్మకి ఇంకో బాద. పంపకంలో తమలపాకు తీగ ఆలకెల్లింది. ఎండకి ఆ పక్క గోడ పెనం లాగ కాలీది. తీగ ఎండిపోతంది.

ఒకనాడు మజ్జాన్నం, మగోలు పొలం ఎల్లినారు. నాను గిన్నెలు తోముతన్నాను. గోడ మీద సెయ్యి కనబడింది. గాజులు సూసి పోల్చీసినాను. తడిగుడ్డలో సుట్టిన తమలపాకు తీగ.

"అక్కా, ఉన్నావేటి? ఇది నా దగ్గర సచ్చిపోతంది. నీ పక్క నీడ కదా, నువ్వు బతికించు."

గోడ లెగిసాక అదే మొదటి మాట. తీగ అందుకున్నాను. గబగబా ఎల్లి క్రోటను మొక్క మట్టిగడ్డతోటి తవ్వీసి, గోనెగుడ్డలో కట్టి పైకెట్టినాను. "ఒలే సూరమ్మా, దీన్ని ఎండలో ఎట్టు. నా కన్నవోరింటిదే అది" అన్నాను.

మరప్పుటి నుంచి అంతే. నీడ మొక్కలు ఇటు, ఎండ మొక్కలు అటు. ఇటు కనకాంబరం, నందివర్దనం ఎట్టినాను. నీడలో తెల్లపువ్వు ఎట్టి సూడు, దీపం ముట్టించినట్టుంటాది. నున్నటి తమలపాకు పక్కన నూగునూగుగా వామాకు. సేత్తో తడిమితే ఒకదానికొకటి పోలిక ఉండకూడదే, అప్పుడే కంటికీ బాగుంటాది. అటు అది సీతమ్మజడలు, బంతి ఏసింది. ఆటి మజ్జిన నా క్రోటను.

అది నాకు కనబడదు కదా మరి! గోడవతల అది నీల్లు పోస్తన్న సప్పుడు ఇనబడితే అడిగీదాన్ని.

"రంగొచ్చిందేటే?"

"సిగురు పసుపుగా ఉందక్కా."

ఇంకోనాడు, "అంచు ఎర్రబడింది" అనీది. అది సెప్తంటే నాను కళ్ళు మూసుకుని సూసుకునీదాన్ని.

మీ తాతకి బోయినం అయ్యాక ఆకువక్క ఉండాల. తీగ బాగా అల్లుకుందని కోసి ఎట్టినాను. నమిలి, "ఇది మన పాత తీగ ఆకులాగుందే, ఎక్కడిది?" అన్నాడు.

"ఆ తీగదే. ఆ పక్క మాడిపోతందని సూరమ్మ ఇచ్చింది."

మీ తాత ఆ ఆకు ఉమ్మనేదు. లెగిసి గోడ కాడికెల్లి, పైకీ కిందకీ సూసి, పొలం ఎలిపోనాడు.

కోతలయ్యాక తాపీమేస్త్రిని తెచ్చినాడు. "పై వరసలు తీసి కన్నాల ఇటికలు ఎట్టు. మా ఆడదాని మొక్కలకి ఎలుగు సాలట్లేదు" అన్నాడు. సూసావా, మొక్కల మీద ఎట్టీసినాడు! ఇటికలు ఊడతన్న సప్పుడికి మీ సిన్నతాత వచ్చీసినాడు. అన్నాతమ్ముడూ ఎదురెదురు. ఇటు నాను, అటు సూరమ్మ.

"ఏటన్నియ్యా, గోడ పీకుతన్నావేటి?"

"ఎలుగు కోసం రా."

మీ సిన్నతాత ఊడిన ఇటికొకటి తీసి పక్కనెట్టినాడు. "అయితే ఇంకో రెండు వరసలు దించించు. మా పక్కకి గాలి ఆడట్లేదు."

మీ తాత మేస్త్రి దిక్కు తిరిగి, "ఇనబడిందా? ఆడు సెప్పినట్టు సెయ్యి" అన్నాడు.

అంతే. తప్పయిపోనాదనీ ఎవులూ అననేదు, ఒప్పనీ అననేదు. మేస్త్రికి టీ ఆ ఇంటి నుంచొచ్చింది, మీ తాతా ఒక గలాసు పుచ్చుకున్నాడు. ఆ కన్నాల్లోంచి నా క్రోటను కనబడింది నాకు. ఓలమ్మో, నిప్పులు పోసినట్టుంది! నా బుజం ఎత్తు పెంచీసింది సూరమ్మ. ఇద్దరం అటూ ఇటూ నిలబడి ఏడ్సీసినాం, నవ్వీసినాం.

మీ తాతా పోనాడు, సూరమ్మా పోనాది. మీ సిన్నతాత ఇప్పుటికీ పొద్దున్నే ఆ పక్క నీల్లు పోస్తాడు. సీతాకాలం మజ్జాన్నం ఆ కన్నాల్లోంచి ఎలుగు ఇదిగో, ఈ గచ్చు మీద ముగ్గులాగ పడతాది. అందుకే ఇక్కడ ఏటీ ఎట్టనేదు. కొంత జాగా ఒగ్గీయాలే అమ్మీ, అంతా నింపీకూడదు...

ఎల్లు తల్లీ. నీ ఇంటికి పొద్దుటెండ నిండుగా రావాల. నీ పక్కింటోలు మంచోలై ఉండాల. నువ్వు నాటిందల్లా సిగురెయ్యాల, సల్లగా ఉండు.