అంచులు వదిలేసిన అంచనా

నా పదవీ విరమణ సభకి అధ్యక్షత వహించిన జనరల్ మేనేజర్ గారికీ, పని పక్కనపెట్టి వచ్చిన ప్రొడక్షన్ లైన్ మిత్రులకీ, ముందు వరసలో కూర్చుని నన్నే కనిపెట్టుకుని ఉన్న మా ఆవిడకీ నమస్కారం. త్వరగా కానివ్వమని ఆవిడ అప్పుడే సైగలు మొదలుపెట్టింది. (నవ్వులు)

జనరల్ మేనేజర్ గారు ఇందాక నన్ను ఆకాశానికెత్తేశారు. కొత్త చిప్‌లో వందకి ఎనభై మంచివి దిగుతాయని నేను చెప్పాననీ, నా నోట అంకె వచ్చాక ఇక తిరుగులేదనీ, రేపు పొద్దున్నే కస్టమర్‌కి తను ఆ ఎనభై మీదే మాటిస్తున్నాననీ అన్నారు. మీరంతా చప్పట్లు కొడుతుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అయ్యా, ఆ మాట ఇవ్వకండి.

చిప్‌లన్నీ ఒకే గుండ్రటి వేఫర్ పలక మీద తయారవుతాయి కదా, దాని నడిమధ్యవి ఎప్పుడూ బాగానే వస్తాయి, తేడా కొట్టేదంతా అంచుల్లోనే, ఈ సంగతి నిన్నగాక మొన్న చేరినవాళ్లకి కూడా తెలుసు, నాకు తెలీదా చెప్పండి, అయినా అంచుల పరీక్షలు ఇంకా పూర్తి కాలేదన్న వంకతో నడిమధ్య ఫలితాలు పట్టుకునే అంకె వేసేశాను. ఎందుకంటారా? పోతూ పోతూ పెద్ద అంకె చెప్పి పేరు కొట్టేద్దామని. ఇంకే కారణమూ లేదు.

రేపట్నుంచి నా సీటులో కూర్చోబోయే అమ్మాయి, అదిగో, ఆ స్తంభం పక్కన తలొంచుకుని నుంచుంది, అంచులు కూడా వచ్చాక లెక్క వేద్దామండీ, అరవై దాటకపోవచ్చు అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. మీటింగులో అందరి ముందూ ఆమెకి 'అంచుల పాప' అని పేరు పెట్టాను. మీరూ నవ్వారు గానీ నవ్వించింది నేను. ఇవాళ మధ్యాహ్నం ఆ ఫలితాలు మా టేబుల్ మీదకొచ్చాయి. అన్నీ కలిపితే వందకి యాభై ఐదు.

రేపు సరుకు తక్కువైతే నేను ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుంటాను, సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆమె. ఈ ముక్క జనరల్ మేనేజర్ గారికి నువ్వైనా చెప్పలేకపోయావా అమ్మా అని ఇందాక మెట్ల దగ్గర అడిగాను.

"ఇవాళ మీ రోజు కదండీ. ఆ తిట్లేవో రేపు నేను తింటాలెండి" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పేరు పెట్టిన నోటితోనే ఆమెకి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఇన్నాళ్లూ నన్ను నమ్మినందుకు మీకందరికీ కృతజ్ఞతలు. జనరల్ మేనేజర్ గారూ, ఆఫీసు మూసేదాకా నేనింకా మీ ఉద్యోగినే. ఆ తిట్లేవో నన్నే తిట్టేసి, ఆ తర్వాత సెలవిప్పించండి.