సున్నా పాయింట్ తొమ్మిది

హలో… ఆ, నేనేరా, అక్కని… వినపడుతోందా? సరే, ముందు గుర్రం దిగు. దిగి మాట్లాడు.

…అందరం బానే ఉన్నాం. బిష్కెక్ నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆ కొండమీద నువ్వు దొరక్క నాకు చేసింది… ఆ, అదే, నీ పీఎస్‌ఏ రక్తపరీక్ష. వచ్చింది… సున్నా పాయింట్ తొమ్మిది.

…నవ్వుతున్నావా?

…నవ్వు, నవ్వు. ఒకటి కూడా దాటలేదు, నాలుగులోపు ఉంటే చాలని ఎవరో చెప్పారు — అంతేగా? పెద్ద డాక్టరువి అయిపోయావు.

ఒక్క మాట చెప్పు. ఏ చేతికి పొడిచారు?… ఎడమ చేతికి. నొప్పెట్టిందా?… లేదూ. మగాడివి మరి. నర్సు ఎలా ఉంది?… లావుగా ఉందా… ఊఁ. చెప్పు, చెప్పు, వినడానికి బాగుంది…

…ఇక ఆపరా. ఆ రోజు నువ్వసలు కొండ దిగి నారిన్ ఆసుపత్రికి వెళ్ళనే లేదు. నీ పేరు చెప్పి రక్తం ఇచ్చొచ్చింది మీ బావ.

…ఎవరు చెప్పడమేంటి, ఆయనే చెప్పాడు. ఇదిగో, ఎదురుగానే ఉన్నాడు, టీ గిన్నె పట్టుకుని, తల దించుకుని. ‘ఎసెన్‌కుల్‌కి జబ్బు తిరగబెట్టినట్టుంది, మళ్ళీ వైద్యం మొదలెట్టాలి’ అని డాక్టరమ్మ అంటే నేను ఏడ్చాను. ఈయన నాకంటే గట్టిగా ఏడ్చాడు. బావమరిదంటే ఎంత ప్రేమో అనుకున్నా. తీరా చూస్తే, ‘ఆ తొమ్మిది నాదే, పోయేది నేనే’ అని…

…ఆయనకేం రోగం లేదు. ఆయనకి అది మామూలే. నీ బుర్రకెక్కనిది అదేరా. ఆయనకి ఆ ప్రోస్టేట్ గ్రంథి ఉంది. నీకు నిరుడు క్యాన్సరని కోసి తీసేశారు. తీసేసినవాడికి అది దాదాపు సున్నా రావాలి. అంత వచ్చిందంటే ఎక్కడో మళ్ళీ మొలిచిందనే అనుకుంటారు. మంచి రక్తం ఇప్పించి మరీ రోగం అంటగట్టించుకున్నావు. ఇంత తెలివి మన వంశంలో ఎవరికీ లేదు.

…ఇప్పుడు నవ్వవేం?

…గడ్డి కోతలా? అవి ఏటా ఉండేవే. జిపార్‌కి ఏమని చెప్పావు?… వెళ్ళొచ్చానన్నావు. పెళ్ళానికీ అబద్ధమే. ఇందాక మా ఇంటికొచ్చి, ‘వదినా, ఈసారి ఆయన ధైర్యంగా వెళ్ళొచ్చారు’ అని ఎంత మురిసిపోయిందో. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీ సిగ్గు కూడా నేనే పడ్డాను.

…మాట్లాడకు. గుర్రాల పోటీలో మేక కళేబరం లాక్కోవడం కోసం వాటి కాళ్ళ మధ్య దూరి ఎముకలు విరగ్గొట్టుకున్నవాడివి, ఇంత చిన్న సూదికి జడిసి —

…సూదికి కాదా. మరి దేనికి?

…హలో?

…ఊఁ… ఆ అంకె వచ్చేదాకా… ఊఁ… తిండి సహించదు… ఊఁ.

…తెలుసురా. నాకూ భయమే. మూడు నెలలకోసారి ఈ పరీక్ష వచ్చినప్పుడల్లా నా గుండె కూడా జారిపోతుంది. అయినా నువ్వు చేసింది పిరికిపనే. తమ్ముడివని చెప్పుకోవడానికి అసహ్యమేస్తోంది, అది మాత్రం దాచను. మీ బావ రక్తంలో వచ్చిన అంకె చూసి, డాక్టర్లు వచ్చే వారం నీకు రేడియేషన్ కిరణాలు పెడదామనుకున్నారు. లేని జబ్బుకో, ఉన్న జబ్బుకో, ఎవడికి తెలుసు.

…రేపే వెళ్ళి రక్తమివ్వాలి. కోతలయ్యాక కాదు. డాక్టరమ్మకి జరిగిందంతా చెప్పేశా… చెప్పకేం చేయను? నవ్విందావిడ. నవ్వులపాలైతే అయ్యావులే, నయమే.

…బావా? వస్తాడు. బయట కూర్చుంటాడు, చొక్కా చేతులు కిందికి దించుకుని.

…ఏంటి?… ఎంత వస్తుందా? నాకేం తెలుసు. డాక్టరమ్మకీ తెలీదు. నీ ఒంట్లో ఏముందో ఈ పూట భూమ్మీద ఎవరికీ తెలీకుండా చేశావు. నీ నిర్వాకమే.

…ఎంతైనా రానీ. నీదే రావాలి.

…ఏడవకు… ఎసెన్?… హలో?

…పెట్టేశాడండీ. వస్తానని మాత్రం అనలేదు… ఆ గిన్నె అక్కడ పెట్టి లేవండి. పొద్దుగూకేలోపు మనమే కొండెక్కి వాణ్ణి తీసుకొద్దాం.