మూడో కాపీ

హలో… ఆ, నేనే పిన్నీ, బాబాయ్ గారి ‘తొందర’ని… బాగానే ఉన్నాను. బాబాయ్ లేరా? … మొక్కలకు నీళ్లు పెడుతున్నారా? ఒక్కసారి పిలవండి, ఆస్పత్రి కంప్యూటర్ పని… లేదు పిన్నీ, ఇంకా తినలేదు. తింటాలెండి…

బాబాయ్… ఆ, మన ముసలిదే. మీ యూనిక్స్ పెట్టె. లేవనంటోంది… డిస్కుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం కొత్తది ఉందని పొద్దున ఎక్కించాను… తెలుసు. దాని జోలికి పోవద్దని మీరు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. సోమవారం మీరు మళ్లీ పనికి వచ్చేలోపు నేనే చేసి చూపిద్దామని…

తెర మీదా? డిస్కు కనపడటం లేదని ఒక ముక్క అనేసి ఆగిపోతోంది. ల్యాబు రిపోర్టులన్నీ అందులోనే. రిపోర్టులిచ్చే కిటికీ మూసేశారు, బయట జనం. ల్యాబు అక్కయ్య నన్ను కొరకొరా చూస్తోంది.

పాత కెర్నలా? … అవును, సిస్టమ్‌ని లేపే ఆ పాత ఫైలుని, కొత్తది ఎక్కేటప్పుడు పక్కన దాచింది, దానంతటదే. దాంతో కూడా చూశాను. అదీ లేవలేదు…

ఊఁ… రెండుసార్లు ఎక్కించాను.

మొదటిసారి ఏదో హెచ్చరిక వచ్చింది. సరిగ్గా పడలేదేమోనని మళ్లీ నొక్కాను… అదే, అదే. మొదటిసారి మంచిదాన్ని దాచింది. రెండోసారి ఆ మంచిదాన్ని చెరిపేసి, దాని చోట చెడ్డదాన్ని దాచింది. ఇప్పుడు రెండూ చెడ్డవే… నవ్వకండి బాబాయ్. నాకు ఏడుపొస్తోంది.

కూర్చున్నాను, చెప్పండి… ఆపి మళ్లీ వేశాను. ఫ్యాను గోల పెడుతోంది… ఆ, బూట్ అని, ఏ ఫైలుతో లేవాలో అడిగి ఆగింది. ఏం కొట్టను? … మూడో కాపీ ఉందా! ఎప్పుడు పెట్టారు? … రిటైరైన రోజునా? … పేరు చెప్పండి. టీ… ఓ… ఎన్… డీ…

బాబాయ్.

‘తొందర’… అది నా పేరు కదా. మీరు నన్ను పిలిచే పేరు… అంటే, ఏదో ఒకరోజు రెండుసార్లు నొక్కుతానని అప్పుడే… ఇంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

కొట్టాను… చుక్కలు పడుతున్నాయి… ఉండండి… డిస్కు కనపడింది! … లాగిన్ అడుగుతోంది బాబాయ్! … ఉన్నాయి, పొద్దున్నవి కూడా ఉన్నాయి. అక్కయ్యా, కిటికీ తెరువు!

… లేదు, అప్పుడే పెట్టేయకండి. ఇంకోటి చెప్పాలి.

ఇది పడిపోగానే సూపరింటెండెంటు గారు వచ్చి, ఎవరి నిర్వాకం అని అడిగారు. భయమేసింది. మీరు అప్పట్లో సరిగ్గా పెట్టలేదు, అందుకే ఇలా అయిందని చెప్పేశాను. నోరు జారిందనను. ఆలోచించుకునే అన్నాను… ఆగండి, విననివ్వండి… కాదు, చెప్పనివ్వండి. సోమవారం నుంచి వారానికి రెండు రోజులు మిమ్మల్ని రమ్మన్నారు కదా. ఇంక అక్కర్లేదు అన్నారాయన. నేను పక్కనే నిలబడి తలూపాను.

… ఏంటీ? మీకు ఫోన్ చేశారా? … పొద్దున్నేనా! మీరేమన్నారు? … మీ పొరపాటే అయ్యుంటుందన్నారా? ఎందుకలా అన్నారు బాబాయ్? … అన్నీ తెలిసి, నా నోటితో నేను చెప్పేదాకా నాకు పేరు స్పెల్లింగులు చెబుతూ కూర్చున్నారా?

… నా ఉద్యోగం కొత్తదైతే మీరు మాట పడాలా? ఇంట్లో తోచక, ఉన్న నాలుగు కుండీలకే పూటపూటా నీళ్లు పెడుతున్నారట, మొక్కలు కుళ్లిపోతున్నాయని మొన్న పిన్ని చెప్పింది. సోమవారానికి చొక్కాలు ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారని కూడా చెప్పింది… ఇందాక ఆవిడ అన్నం తిన్నావా అని అడిగితే, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

… వదిలేయను. అదిగో, సూపరింటెండెంటు గారు ఇటే వస్తున్నారు… వద్దనకండి. పొద్దున మీ మాట వినలేదు, ఇప్పుడూ వినను. ఫోన్ కట్ చేయకండి. ఇదిగో, కీబోర్డు పక్కనే పెడుతున్నాను…

రండి సార్. ఆ, లేచింది… నేను కాదు సార్, బాబాయే లేపారు. ఒక్క నిమిషం కూర్చుంటారా? … పొద్దున నేను మీకు అబద్ధం చెప్పాను.