గాజు ట్యూబులో చేసిన ప్రయోగం

సెమినారు హాలు పక్కన చిన్న గది. పరిశోధన సంస్థకు డైరెక్టరైన మామగారు తలుపు గడియ పెట్టి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అదే సంస్థలో పనిచేసే కోడలు ఇంట్లో ఏనాడూ ఆయనకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఇవాళ మాత్రం భీష్మించుకుని ఎదురుగా కూర్చుంది.

“ఒక్క స్లైడమ్మా! ఇవాళ్టి ఉపన్యాసంలోంచి ఒక్కటి తీసేయమంటున్నాను. మిగతావన్నీ నీ ఇష్టం.”

“ఆ ఒక్కటీ తీసేస్తే మిగతావెందుకు మామయ్యగారూ?”

“మాటలు బాగా నేర్చావు.”

“మీ ఇంటికొచ్చాకే.”

“వెక్కిరింతా?”

“కాదండీ. తీయను.”

“తీయవు?”

“తీయను.”

“ఆ స్లైడు ఏం చెప్తుందో తెలుసా? నా బతుకంతా తప్పని చెప్తుంది.”

“బతుకంతా ఎందుకండీ, ఒక్క మాట. కణం చుట్టూ ఉండే కొవ్వు పొర ఉత్త గోడ అన్నారు మీరు. ప్రోటీను తనంతట తనే ఆ గోడ దగ్గరికొచ్చి పని మొదలెడుతుందన్నారు. అది తప్పు.”

“ఆ మాట మీదే ఈ సంస్థ లేచింది! పాఠ్యపుస్తకాల్లో ఉందది!”

“ఉంటే? హాలు నిండా కొత్తగా చేరిన పిల్లలున్నారు. వాళ్లక్కూడా అదే నూరిపోద్దామా?”

“వాళ్లకేం అర్థమవుతుంది? ఫాస్ఫోఇనోసిటైడ్ అనడానికే నోరు తిరగదు.”

“పేరు పక్కన పెట్టండి. ఆ పొరలో ఎన్నో రకాల కొవ్వులు. అందులో ఇది చిటికెడు. దాని తల కణం లోపలివైపు ఉంటుంది. ఆ తలకి ఫాస్ఫేట్లు తగిలించొచ్చు, ఊడదీయొచ్చు. బయట ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టిందనుకోండి, లోపల ఆ తలకి ఇంకో ఫాస్ఫేటు తగులుతుంది. అది చూసి ఎక్కడో తిరుగుతున్న ప్రోటీను పరుగెత్తుకొచ్చి పట్టుకుంటుంది, పనిలో దిగుతుంది. ఫాస్ఫేటు ఊడిందా, వదిలేసి పోతుంది. పిలిచేది ఆ కొవ్వే. ఇందులో అర్థం కానిదేముంది?”

“నా ప్రయోగంలో పట్టుకోలేదుగా మరి!”

“ఎలా పట్టుకుంటుంది? మీరు ఆ కొవ్వుని ప్లాస్టిక్ ట్యూబుల్లో పోశారు. అదంతా పోయి ట్యూబుకే అంటుకుంది. నీళ్లలో కొవ్వే లేకపోతే ప్రోటీను దేన్ని పట్టుకుంటుంది? నేను ఒకే సీసాలోది సగం ప్లాస్టిక్‌లో పోశాను, సగం గాజులో. ప్లాస్టిక్‌లో మీకొచ్చిందే నాకూ వచ్చింది. గాజులో మాత్రం పట్టుకుంది.”

“గాజులోనూ ముందు ఏమీ కనపడదు. కాస్త వెచ్చబెట్టి, బాగా కుదిపితేగానీ...”

“ఆగండి, ఆగండి.”

“ఏం?”

“ముందు ఏమీ కనపడదని మీకెలా తెలుసు?”

“అనుభవం.”

“గాజుతో పనే పడలేదని అందరికీ చెప్తారుగా?”

“ఊహించానమ్మా. ఊహించకూడదా?”

“కుదపడం కూడా ఊహించారా?”

“అది సరే, నీకీ గాజు సంగతి చెప్పిందెవరు? మీ అత్తయ్యేనా?”

“ఆవిడ పేరు నేనెత్తలేదండీ.”

“ఎత్తనక్కర్లేదు. ఇంకెవరికీ తెలీదు.”

“అయితే అత్తయ్యగారు మీ ల్యాబులో ఉన్నప్పుడే చేసి చూపించారన్నమాట.”

“చూపించింది. చూపిస్తే? అప్పటికే నా వ్యాసం అచ్చుకెళ్లిపోయింది! మాకు కొత్తగా పెళ్లయింది. కట్టుకున్నదే నన్ను తప్పంటే నలుగురిలో నాకు మొహం చెల్లేదా?”

“అందుకని ఆవిణ్ణి ల్యాబు మాన్పించారు.”

“నేను మాన్పించలేదు. తనే మానేసింది.”

“మానేశారా, మానేయమన్నారా?”

“ఇల్లు, పిల్లాడు... ఎవరు చూసుకుంటారు?”

“పిల్లాడు పుట్టింది ఆ తర్వాత. మీ అబ్బాయి నాకు మొగుడండీ, వాడి పుట్టినరోజు నాకూ తెలుసు.”

“మొగుణ్ణి వాడు, వీడు అంటావా?”

“మాట మార్చకండి.”

“ఇన్నేళ్లలో తను ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. నాకు మాటిచ్చింది.”

“అప్పుడూ మాట దాటలేదు పాపం. ఒకరోజు నా ల్యాబు ఫోటోలు చూస్తూ, ‘ఇంకా ప్లాస్టిక్కేనా?’ అన్నారు. అంతే. మర్నాడు నేను గాజులో చేసి చూశాను. చూశాక ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్లు మండిపోయింది. అంత తెలిసిన మనిషిని వంటింట్లో కూర్చోబెట్టి, మీరు హాయిగా సన్మానాలు చేయించుకున్నారు.”

“చాలు! నీ ఉద్యోగం ఈ ఏడాదితో అయిపోతుంది. పొడిగించాల్సింది నేను. గుర్తుందా?”

“పొడిగించకండి.”

“అంత పొగరా?”

“పొగరేం కాదు, ఉద్యోగం పోతుందని భయమే. అయినా తీయను.”

“సరే, అయితే నేనూ గడియ తీయను. నువ్వు బయటికెళ్తేగా స్లైడు! జనం కాసేపు చూసి, విసుగొచ్చి లేచిపోతారు.”

“అలాగే కూర్చుందాం.”

“ఏంటీ?”

“కూర్చుందామండీ. నాకేం తొందర లేదు.”

“అక్కడ అంతమంది నీ కోసం కాచుకునుంటే...”

“నా కోసం ఎవరూ కాచుకుని లేరు.”

“ఆ చప్పట్లేంటి?”

“మొదలైనట్టుంది.”

“నువ్విక్కడుంటే అక్కడేం మొదలవుతుంది? మైకులో ఎవరు?”

“గుర్తుపట్టలేదా? స్లైడు తీయమని మీరు బతిమాలాల్సింది నన్ను కాదు మామయ్యగారూ, అత్తయ్యగారిని.”