లేవనన్నది నేనే

నా పేరు వెర్నా ప్రూయిట్. వయసు అరవై ఒకటి. నాష్‌విల్‌లో ఉంటాను. పాటలు రాయడం నా వృత్తి. నా భర్త ఎల్డన్ ప్రూయిట్ మీద పెట్టిన కేసు విషయమై, 2012 జనవరి 23, సోమవారం ఉదయం, పోలీసు స్టేషన్‌లో సార్జెంట్ హోలిస్ గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను.

దొంగ వెబ్‌సైట్లు ఈ దేశంలో తెరుచుకోకుండా ఆపే చట్టం రావాలని కోరుకున్నదాన్ని నేను. నా పాటలున్న ఆల్బమ్ విడుదలైన వారానికే ఎక్కడో విదేశీ సైటులో ఊరికే దొరికింది. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి, "మీ పాట భలే ఉందండీ, నెట్‌లో ఫ్రీగా దింపుకున్నా" అని మెచ్చుకుంది. అప్పుడు నా నోట్లో ఆమె చేతులున్నాయి.

మా ఆయనకు ఆ చట్టమంటే భయం. కొండప్రాంతపు చర్చిల్లో ముసలివాళ్లు పాడుకునే పాటలను ఆయన ఒక సైటులో పెడుతుంటాడు. ఎవరెవరో తమ అమ్మమ్మల గొంతులున్న పాత టేపులు పంపిస్తారు. వాటిలో ఒక్క పాట మీద ఎవరైనా హక్కు చెప్పుకున్నా మొత్తం సైటే మూయించేస్తారని ఆయన వాదన. పోయిన బుధవారం నిరసనగా, ఆ ఒక్కరోజు పాటలేవీ తెరుచుకోకుండా, సైటు మొత్తాన్ని తనే నల్లగా మార్చేశాడు. అదే రోజు మధ్యాహ్నం ఆ చట్టం మీద ఓటు వేయాల్సిన ఇక్కడి కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ముందుకు రెండు పక్షాల వాళ్లమూ వెళ్లాం. ఇద్దరం ఒకే కారులో వెళ్లాం. నా అట్ట మీద 'పాట కూడా పనే' అని రాసిపెట్టింది మా ఆయనే. నా చేతిరాత బాగుండదు.

కారు ఆపాక, "ఇక్కణ్ణించి నువ్వెవరో నాకు తెలీదు" అన్నాను.

"ముప్పై ఎనిమిదేళ్లుగా తెలీలేదు, ఇవాళ కొత్తగా ఏముంది?" అని నా మఫ్లర్ సర్ది వెళ్లిపోయాడు.

నోటికి నల్ల టేపు అంటించుకున్న కుర్రకారు ఆఫీసు తలుపు ముందు బైఠాయించారు. వాళ్ల మధ్య మా ఆయన కూర్చున్నాడు. మా పక్షంలో క్లైడ్ అనే గిటారు వాయించేవాడు, "దొంగల ముఠాకి తాత కూడా దొరికాడ్రోయ్!" అని అరిచాడు.

"ఆ తాత మా ఆయన. నోర్ముయ్, క్లైడ్" అన్నాను.

కాసేపటికి ఆఫీసు కాపలాదారు వచ్చి, దారి వదలకపోతే పోలీసుల్ని పిలుస్తానన్నాడు. కుర్రకారు లేచి పక్కకు జరిగారు. మా ఆయన లేవలేదు. ఆకాశం వంక చూస్తున్నాడు, మబ్బుల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టినట్టు. ఆ చూపు నాకు తెలుసు. ఎడమ మోకాలు పట్టేసినప్పుడే అలా చూస్తాడు.

"పెద్దాయనా, లేస్తావా లేదా?" అన్నాడు కాపలాదారు.

"లేవను" అన్నాడు మా ఆయన. కుర్రకారు చప్పట్లు కొట్టారు.

నేను అటు వెళ్లాను. నేల మంచులా ఉంది. నా అట్ట పరిచి, దాని మీద ఆయన పక్కనే కూర్చున్నాను.

"లేవలేకపోతున్నానే వెర్నా. ఎవరికీ చెప్పకు" అన్నాడు చెవిలో.

"సరేలే" అన్నాను.

కాపలాదారు తికమకపడ్డాడు. "అమ్మా, మీరు అటు పక్షం కదా?"

"అవును. ఆ చట్టం రావాలి. ఇప్పటికీ అదే నా మాట."

"అయితే లేవండి మరి."

"లేవను."

పోలీసులు వచ్చి మా ఆయన్ని చెరో పక్కా పట్టి లేపారు. నన్ను మాత్రం మర్యాదగా పక్కకు నడిపించి, ఆయన ఒక్కడి మీదే కేసు రాశారు.

శుక్రవారం ఆ చట్టాన్ని పక్కన పెట్టేశారని వార్త వచ్చింది. మా ఆయన సంబరం చేసుకోలేదు. కాఫీ కలిపి తెచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "నీ పాట దొంగిలించడం తప్పే. ఈ దారి సరైంది కాదు, అంతే" అన్నాడు.

"మరి ఏ దారి?"

"అదే నాకూ తెలీదు" అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

నా భర్త పోలీసులను, కాపలాదారును ధిక్కరించాడా అని సార్జెంట్ గారు అడిగారు. ధిక్కరించలేదు. ఆయనకు మోకాలు పట్టేసింది. నా మోకాళ్లు రెండూ బాగున్నాయి. లేవగలిగి కూడా లేవనన్నది నేనే. కేసు ఉండాలంటే నా పేరున రాయండి.

సార్జెంట్ గారు కలం కింద పెట్టి నవ్వారు. ఎవరి మీదా కేసు ఉండదని, మోకాలి వల్లే వదిలేస్తున్నామని మా ఆయనకు చెప్పి ఇంటికి పంపేస్తామని అన్నారు. అలా చెప్పవద్దని బతిమాలాను. ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి పిలిచి, మళ్లీ ఇలా ఎదురు తిరిగితే ఊరుకునేది లేదని గట్టిగా హెచ్చరించి పంపమన్నాను. కొంచెం గొంతు పెంచమని కూడా అన్నాను.

పైన ఉన్నదంతా నేను నా నోటితో చెప్పిందే. చదివి వినిపించారు, విన్నాను. ఇందులో కల్పించింది లేదు, దాచింది లేదు. మా ఆయనకు మాత్రం చదివి వినిపించవద్దని మనవి.

(సంతకం) వెర్నా ప్రూయిట్