గడ్డివామి వెనక లేని ఆవు

"అమ్మమ్మా, ఇయర్‌ఫోన్లు పెట్టి పిట్ట కూత వినిపిస్తే, అట్ల గిర్రున వెనక్కి తిరిగినవేంది?"

నవ్వుతున్నవా పిల్లా? నవ్వు, నవ్వు. కుడిపక్క వెనక కూసింది, చూడొద్దా మరి? తిరిగిన. నేను తిరిగితే అది గూడ తిరిగింది! ఇంకోసారి తిరిగిన, మళ్ల నా కుడిచెవి వెనకాలనే ఉంది. కొమ్మ మీది పిట్ట ఎక్కడన్న అట్ల చేస్తదా చెప్పు? నేను తల తిప్పితే అది తన కొమ్మ మీదనే ఉండి నా ఎదురుకు రావాలె. ఇది నా తలకు కట్టిన పిట్ట, అంతే. తీసుకో, నీ పిట్టను నువ్వే ఉంచుకో.

ఏ, రికార్డు చేస్తున్నవా ఇదంత? చెయ్యి. మీ తాత గూడ ఇంతే, దొరికిందల్ల రికార్డు చేసెటోడు. ఒక ఏడు మా ఇప్పపువ్వంత అమ్మి, గీదం బజారు నుంచి టేపు తెచ్చిండు. మామూలు టేపు గాదు, రెండు పక్కల పాట వినవడే రెండు స్పీకరు డబ్బాలు, ఊడదీసి దూరం పెట్టుకోవచ్చు. నేను చీర తెమ్మంటే... సరే పోనీ. చీర ముచ్చట ఇప్పుడెందుకు.

వసారాలో ఈ కొసకొక డబ్బా, ఆ కొసకొక డబ్బా పెట్టిండు. పాట పెట్టి నన్ను నడుమ కూసోమన్నడు. పాడే ఆమె యాడుందనుకుంటున్నవ్? డబ్బాల్ల లేదు పిల్లా! రెండిటి నడుమ, మా వడ్ల గుమ్మి ఉంది గదా, దాని ముందర నిలబడి పాడుతున్నట్టే ఉంది. మా చెల్లె అయితే లేచి పోయి గుమ్మి మూత తీసి చూసింది. నిజం, ఒట్టు. మరి యాడుందో చూద్దామని మా చెల్లె రెండడుగులు పక్కకు జరిగిందో లేదో, దాని చెవులకు పాడే ఆమె ఎగిరి ఆ పక్క డబ్బాల దూకింది! మీ తాత పొట్ట పట్టుకొని నవ్వుడు.

ఇగ రికార్డు మొదలువెట్టిండు. కోడి కూత, దంపుడు చప్పుడు, నేను ఆయన్ని తిట్టిన తిట్లు. అవును, నా తిట్లు నాకే వినిపించిండు, చుట్టాల ముందర. అట్లనే మా కపిలావు గంట గూడ రికార్డు చేసిండు. అది ఆయనే చెక్కిన కొయ్యగంట, లోపల కర్ర నాలుక. మా దిక్కు ఏ ఇంటి గంట ఆ ఇంటిదే, చప్పుడు వింటే ఎవరి పసరమో చెప్పేస్తం. నీకు సెల్లుల పేరు కనవడ్డట్టు.

ఆ కపిల సూడిది. నెలలు నిండినయి. మా ఇంట్ల అదొక్కటే ఆవు, అర్థమైందా? పాలు అదే, రేపటి ఎడ్లు అదే. ఒకరోజు మందతోని అడివికి పోయి, మంద వచ్చింది గాని ఇది రాలేదు. ఈనేటప్పుడు ఒంటరిగ పోయి దాక్కుంటయి గదా. ఆ ఎండాకాలం చిరుతపులి తిరుగుతుందని ఊరంత చెప్పుకుంటున్నరు. ఇంక పొద్దు ఉండంగనే దొరకాలె, లేకుంటే ఆవు పాయె, దూడ పాయె.

నేను ఒక్కదాన్నే అడివిల పడ్డ. నాలుగడుగులు నడుచుడు, ఆగుడు, ఊపిరి బిగబట్టి తల ఇటు తిప్పుడు, అటు తిప్పుడు. మేం అట్లనే వింటం. తల తిప్పితేనే చప్పుడు యాడిదో తెలుస్తది. నడిచి నడిచి కాళ్లు పీకుతున్నయి, అప్పుడు వినవడ్డది, మా కపిల గంటనే! టక్, టక్‌టక్, టక్. కండ్లల్ల నీళ్లొచ్చినయి పిల్లా. ముండ్లనక, పొదలనక ఆ చప్పుడుకే ఉరికిన.

ఉరికి ఉరికి యాడికి వచ్చిన? మా ఇంటి వెనక దడికాడికి!

దడి లోపల నడుమ గడ్డివామి. గంట దాని వెనకనే మోగుతుంది, సందేహమే లేదు. పోయి చూస్తి, గడ్డి ఉంది, ఆవు లేదు. ఎడమకు రెండడుగులు వేస్తి, గంట ఎడమ గుంజకాడికి ఉరికింది. కుడికి వేస్తి, కుడి గుంజకాడికి దూకింది. నిండు సూడావు, రెక్కలొచ్చినయా దానికి? ఆవు నడుమ నుంచి ఆ కొసకు పోవాలంటే నడవాలె గదా, నడుమల చప్పుడు కావాలె గదా. అప్పుడు నా చెల్లె గుమ్మి మూత యాదికొచ్చింది. చూద్దును గదా, దడికి ఈ కొసకొక డబ్బా, ఆ కొసకొక డబ్బా, అడివి దిక్కు మొకం పెట్టి కట్టిండు మీ తాత! టేపు ఒళ్లో పెట్టుకొని గొప్పగ కూసున్నడు. "గంట వింటే మంద ఇక్కడుందనుకొని అదే వస్తది," అంటడు. ఆవు రాలేదు, పెండ్లాం వచ్చింది!

తిట్టబోయి, ఆగిన. పొద్దు గుంకుతుంది. "బావా, ఆపు," అన్న. అంతే అన్న.

ఆయన "ఎందుకు?" అని గూడ అడగలేదు పిల్లా. నా మొకం చూసిండు, టక్కున ఆపిండు. ఊపిరి గూడ ఆపినట్టే కూసున్నడు.

ఇద్దరం తలలు తిప్పుకుంట విన్నం. చాలాసేపు ఏం లేదు. తర్వాత వాగు దిక్కు నుంచి, సన్నగ... టక్. ఆగి, టక్. ఆగి, టక్. నేను తల తిప్పిన, అది ఉన్నకాడనే ఉంది. నడిచే ఆవు గంట గాదది. నిలబడ్డ ఆవు, మెడ ఒక్కటే ఆడుతుంది. నాకు తెలిసిపోయింది. దూడను నాకుతుంది.

పోయే వరకు ఎండిన వాగుల, ఒడ్డు నీడకు, తడితడిగ ఎర్ర దూడ. మీ తాత దాన్ని భుజాల మీద ఏసుకున్నడు, వెనక కపిల, దాని వెనక నేను. దారంత నేను ఒక్క మాట గూడ తిట్టలేదు, ఆయనకు అదే భయమైంది. "ఏమే, పానం బాగలేదా?" అని మూడుసార్లు అడిగిండు.

పెండ్లయి అప్పటికి నాలుగేండ్లు. కాని ఆయన నాకు మొగుడైంది ఆ పొద్దే అనుకుంట.

నువ్వు కాలేజీ పోటీలల్ల నిలబడి మాట్లాడి అందరిని ఓడిస్తవంట గదా, మీ అమ్మ చెప్పింది. ఓడించు బిడ్డా, గొంతు తగ్గించకు. నూరేండ్లు బతుకు. మొగుడని ఇంటికి తెచ్చుకునేటోని కాడ మాత్రం, వాడు ఓడుతడా గెలుస్తడా అని చూడకు. నువ్వు ఒక్క మాట "ఆపు" అంటే, ఎందుకని అడగకుండ ఆపి, నీతోని కలిసి వింటడా... అది చూసుకో.