మార్తా ఆంటీ కలిపిన పులిహోర

ఎడంగా కుర్చీలు వేసుకుని చినుకుల్లో కూర్చున్న పెద్దలకు, ఫోన్ తెరల్లోంచి చూస్తున్న స్నేహితులకు నమస్కారం. మన మార్తా ఆంటీ లేరు. ఆవిడ పెరట్లో ఆవిడ లేకుండా మనం కూర్చోవడం ఇదే మొదటిసారి.

నేను నిఖిలని. మన దేశం వదిలొచ్చి, ఇక్కడ లీక్స్‌లిప్ ఊరి దగ్గర గోదాములో పెట్టెలు మోస్తాను. పొగడ్తలు నాకు చేతకావు. పొద్దుటి నుంచి గ్రూపులో అందరూ ఆంటీని "దేవత" అంటున్నారు. ఏం దేవత? క్యారమ్స్‌లో తొండి చేసేవారు! కోవిడ్ వార్డులో డ్యూటీ చేసి చేసి, గుండె ఆగి పోయిన డాక్టరమ్మ. డాక్టర్లకని వీధుల్లో చప్పట్లు కొట్టారు కదా, సెలవెవరిచ్చారు? దేవతలకైతే సెలవు అక్కర్లేదు. ఆ మాటంటే నాకు మండుతుంది.

ఇంకో మాటకూ మండుతోంది. మన శనివారం క్లాసు ఆపేద్దామని కృష్ణప్రసాద్ అంకుల్ మెసేజ్ పెట్టారు. "చెప్పే మనిషే పోయాక ఇంకేం క్లాసు?" అట. జవాబు ఇక్కడే చెబుతాను అంకుల్.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. బయట కలుసుకోనిచ్చిన దగ్గర్నుంచి, యూదుల పవిత్ర గ్రంథం ఎలా తయారైందో ఆంటీ ఇక్కడ చెప్పేవారు. ఆవిడ గుంటూరు బాప్టిస్టు క్రైస్తవురాలు. అయినా, "మనం పాత నిబంధన అంటాం గానీ, యూదులకది పాతదేంటమ్మా? అదే వాళ్ళ గ్రంథం" అనేవారు.

మొదటిరోజే నేను అడిగాను: సృష్టి కథలో, ఒక అధ్యాయంలో జంతువులు ముందు, మనిషి తర్వాత. పక్క అధ్యాయంలో మనిషే ముందు. ఏది నిజం? "ప్రశ్నలేసే క్లాసు కాదిది" అని అంకుల్ కసిరారు. ఆంటీ ఏమన్నారో గుర్తుందా? "అడగనీవయ్యా. కూర్చినవాళ్ళకు రెండు కథలు దొరికాయి, రెండూ ప్రాణమే. నీ ఇద్దరు పిల్లల్లో ఎవర్ని పారేస్తావు?"

మరి జలప్రళయం పాఠం రోజు? ఒకచోట ప్రతి జంతువూ ఒక్కో జంట, ఇంకోచోట కొన్ని ఏడేసి జంటలు. రాసింది ఒక్కరేనని అంకుల్ పట్టు. ఆంటీ వాదించలేదు. గిన్నెడు పులిహోర తెచ్చి పెట్టారు. అంకుల్ నోటినిండా పెట్టుకుని, "ఇదేంటి డాక్టరమ్మా, ఒకపక్క మన ఆవ ఘాటు, ఒకపక్క తెలంగాణ నువ్వులపొడి! ఇది ఒక్క చేతి వంట కాదే!" అన్నారు. అని, చటుక్కున ఆగిపోయారు. ఈ పెరడంతా ఎలా నవ్వింది! అంకుల్ కూడా మాస్కు జారేదాకా నవ్వారు. "కలిపిన చెయ్యి మూడోది. దాన్నీ మర్చిపోకండి" అన్నారు ఆంటీ.

అంకుల్, వినండి. ఆవకూ నువ్వులకూ పడదు. మీకూ నాకూ పడదు. మనల్ని కలిపిన చెయ్యి పోయింది. అయితే గిన్నె బోర్లిస్తామా?

మన చదువు ఆగింది ఎక్కడ? మోషే అయిదు కాండాల్లో ఆఖరిదైన ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయం దగ్గర. మన క్లాసులో మోషే ఇంకా చనిపోలేదు! అంతా రాసింది మోషేనే అయితే, ఆయన చావు గురించిన ఆ వాక్యాలు ఎవరు రాశారు? ఆయన శిష్యుడు యెహోషువ రాశాడన్నాడొక పాత యూదు గురువు. మోషేనే కన్నీళ్ళతో రాసుకున్నాడన్నాడింకొకాయన. యూదులు ఇద్దరి మాటా దాచుకున్నారు. ఏటా ఆ చావు చదివిన రోజే, గ్రంథం మూయకుండా, మళ్ళీ "ఆదియందు" అని మొదటి వాక్యం నుంచి మొదలుపెడతారు. చుట్టగా చుట్టిన ఆ గ్రంథాన్ని ఎత్తుకుని గంతులేస్తారు!

మనమూ అంతే. వచ్చే శనివారం చివరి అధ్యాయం చదివేది అంకుల్, మీరే. చదివి కూర్చోగానే మొదటి వాక్యం నేను ఎత్తుకుంటాను. ఆ తర్వాత తనివితీరా పోట్లాడుకుందాం.

ఇప్పుడు మాత్రం అందరూ లేవండి. తెరల్లో ఉన్నవాళ్ళు కూడా. ఆంటీ కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. మాస్కు వెనక నవ్వొస్తే రానివ్వండి, చప్పుడు మాత్రం చేయకండి.